యార్క్‌లో ఆంగ్లికన్ చర్చి సర్వీస్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక ఒంగోలు బాప్టిస్టమ్మాయి రివ్యూ

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగబ్బాయి ఒకడు లంచ్‌లో అడిగాడు, "అక్కా, ఇక్కడ చర్చి ఆఫ్ ఇంగ్లాండ్ సర్వీస్‌కి వెళ్ళాలంటే ముందు రిజిస్టర్ చేసుకోవాలా, కోటు వేసుకోవాలా, ఊరికే వెళ్ళి కూర్చుంటే ఎవరైనా ఏమన్నా అంటారా" అని. ఏమీ అనరు నాన్నా, అదే ఇక్కడ విశేషమూ అదే ఇబ్బందీ అని చెప్పడం మొదలుపెడితే లంచ్ అయిపోయింది గానీ నా మాట అవ్వలేదు, అందుకే ఇలా రాస్తున్నా. రెస్టారెంట్‌కి రివ్యూ రాస్తాం, సెలూన్‌కి రాస్తాం, చర్చికి రాయకూడదా ఏంటి.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే నేను ఎందుకు దేనికి బిత్తరపోయానో మీకు అర్థం కాదు. మాది ఒంగోలు, తాతల నాటి నుంచి బాప్టిస్టులం. మా చర్చిలో చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు, తలమీద కొంగో చున్నీయో ఉండాలి, వాక్యం, అంటే ప్రసంగం, గంటకి తక్కువైతే పాస్టర్‌గారికి ఒంట్లో బాలేదేమో అనుకుంటాం. కొత్త మొహం కనపడితే చాలు "ఈరోజు మన మధ్యకి కొత్తగా వచ్చినవారు లేచి నిలబడి తమని తాము పరిచయం చేసుకోవాలి" అని మైకులో పిలుస్తారు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఏ చర్చికెళ్ళినా ఈ నిలబడే కార్యక్రమం తప్పేది కాదు, నాకు అదంటే చచ్చేంత భయం. యార్క్ వచ్చాక కారు లేదు, ఆదివారం పొద్దున బస్సులు లేటు, మా ఇంటికి నడిచెళ్ళే దూరంలో ఉన్నది ఆంగ్లికన్, అంటే ఈ చర్చి ఆఫ్ ఇంగ్లాండ్ వాళ్ళ, పారిష్ (పేట) చర్చి ఒక్కటే. అమ్మేమో ప్రతి ఆదివారం ఫోన్ చేసి "చర్చికి పోయొచ్చావా అమ్మా, లేదా" అని. సరే పోదాం అని పోయా. పేరు చెప్పను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ నవ్వి చేతిలో కాగితాల కట్ట పెట్టింది. ఆ రోజు సర్వీస్ బుక్‌లెట్ ఒకటి, పాటల పుస్తకం ఒకటి, ఆ వారం బైబిల్ పాఠాలూ నోటీసులూ ఉన్న కాగితం ఒకటి. అంతే, పేరు అడగలేదు, ఎక్కడినుంచొచ్చావ్ అనలేదు, సీటు చూపించలేదు. చెప్పులు విప్పాలా అని నేను చుట్టూ చూస్తుంటే ఒకాయన బురద బూట్లతో, పక్కన కుక్కతో సహా లోపలికి వెళ్ళిపోయాడు. డ్రెస్ గురించి అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. జీన్స్, స్వెట్టర్, సైక్లింగ్ జాకెట్, ఏదైనా ఓకే. తలమీద చున్నీ నేనొక్కదాన్నే వేసుకున్నా, ఎవరూ దాని గురించి ఏమీ అనుకున్నట్టు లేదు. కాకపోతే చలి. రాతి గోడలు, ఎత్తు కప్పు, హీటింగ్ వేసినా ఆ వెచ్చదనం ఎక్కడో పైన పావురాలకి అందుతుంది తప్ప కింద మనకి కాదు. కోటు విప్పకండి.

ఒక టిప్. ముందు వరసలో కూర్చోవద్దు. ఇది మన దగ్గర లాగా ముందు కూర్చుంటే భక్తి ఎక్కువ అనే లెక్క కాదు, మొదటిసారి మీకు కావాల్సింది ముందు వాళ్ళ వీపులు. వాళ్ళు లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి. నేను తెలీక రెండో వరసలో కూర్చున్నా, నా ముందున్నది ఒక్క ముసలాయనే, ఆయనకి మోకాళ్ళ నొప్పి, అసలు లేవడు. ఆయన్ని చూసి నేనూ లేవలేదు. గాస్పెల్, అంటే సువార్త, చదివేటప్పుడు వెనక్కి తిరిగి చూద్దును కదా, చర్చి మొత్తం నిలబడి ఉంది, నేనూ ఆయనా తప్ప!

సర్వీస్ ఎలా నడుస్తుందో చెప్తా. ఇప్పుడు చాలా పారిష్ చర్చిల్లో ఆదివారం పది గంటలకో అటూ ఇటుగానో జరిగేది యూకరిస్ట్, అంటే మనం సంస్కారం, బల్ల అనేది, ప్రభురాత్రి భోజనం, రొట్టే ద్రాక్షరసం పంచుకోవడం. మాకు ఒంగోల్లో నెలకి ఒకసారి మొదటి ఆదివారం, వీళ్ళకి వారం వారం. 2000లో వచ్చిన కామన్ వర్షిప్ అనే కొత్త ఇంగ్లీషు క్రమం ప్రకారం నడుస్తుంది. బుక్‌లెట్‌లో మామూలు అక్షరాల్లో ఉన్నది ప్రీస్ట్ చదివేది, బొద్దుగా ఉన్నది మనందరం కలిసి అనేది, ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం భయం పోతుంది, నాకు మాత్రం మూడోవారానికి గానీ వెలగలేదు. ముందు పాట, తర్వాత అందరూ కలిసి పాపాలు ఒప్పుకోవడం, క్షమాపణ మాట, గ్లోరియా అనే స్తుతి పాట, బైబిల్ పాఠాలు, గాస్పెల్‌కి నిలబడటం, తర్వాత వాక్యం. వాక్యం పన్నెండు నిమిషాలు. నేను ఫోన్‌లో టైం చూసుకుని మరీ చెప్తున్నా, పన్నెండు! ఆమె పుస్తకం మూసి దిగిపోతుంటే ఏమన్నా మర్చిపోయి వెనక్కి వెళ్తుందేమో అనుకున్నా.

ఆమె అన్నా చూశారా, మా ప్రీస్ట్ ఆడామె. అమ్మకి ఫోన్లో చెప్తే "ఆడమనిషి బల్ల ఇవ్వడమేందే" అంది. చర్చి ఆఫ్ ఇంగ్లాండ్‌లో ఆడవాళ్ళని ప్రీస్టులుగా 1994లో మొదలుపెట్టారు, బిషప్‌గా మొదటామె లిబ్బీ లేన్, 2015 జనవరిలో, అదీ మా ఊరి కెథీడ్రల్ (బిషప్‌గారి పెద్ద చర్చి) యార్క్ మిన్‌స్టర్‌లోనే అభిషేకం జరిగింది. అయితే అమ్మా, ఇంగ్లాండు వాళ్ళకంటే ముందే మన నంద్యాలలో జరిగింది కదా అన్నా. 2013లో సీఎస్‌ఐ (చర్చి ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు ఎగ్గోని పుష్పలలిత గారిని నంద్యాల బిషప్‌గా చేశారు. మన పక్క జిల్లాలో జరిగినదానికి లండన్ వాళ్ళు ఏడాది పైనే వెనకపడ్డారు అంటే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయినా మనం బాప్టిస్టులం" అంది. సరే.

వాక్యం తర్వాత విశ్వాస ప్రమాణం, ప్రార్థనలు. ప్రార్థన అంటే మన దగ్గరలా ఒకరు గొంతెత్తి ఏడుస్తూ చేసేది కాదు, మామూలు మనిషి ఒకాయన కాగితం చూసి నెమ్మదిగా చదువుతాడు, రాజుగారి కోసం, యుద్ధాల్లో ఉన్నవాళ్ళ కోసం, ఊళ్ళో జబ్బుగా ఉన్న ఫలానా వాళ్ళ కోసం, ఈ వారం పోయినవాళ్ళ కోసం, ప్రతి ముక్క తర్వాత మనం ఒక లైను అనాలి. మోకరించడానికి కిందపెట్టుకునే ఎంబ్రాయిడరీ దిళ్ళు ప్రతి సీటు ముందూ వేలాడుతుంటాయి, ఊరి ఆడవాళ్ళు కుట్టినవి, ఒకదానిమీద గుడ్లగూబ, ఒకదానిమీద రైలింజను, రైళ్ళ ఊరు యార్క్ కదా. కానీ వాటి మీద నిజంగా మోకరించేది తక్కువమందే. ఎక్కువమంది కూర్చునే కాస్త ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి, చెప్పులో రాయి తీస్తున్నట్టు ఒక భంగిమలో ఉంటారు. మీరూ అలా వంగితే చాలు, పాస్.

తర్వాత శాంతి. అంటే ప్రీస్ట్ శాంతి మీకు కలుగునుగాక అనే అర్థంలో అనగానే అప్పటిదాకా శిలల్లా కూర్చున్న మనుషులు లేచి పక్కవాళ్ళకీ వెనకవాళ్ళకీ షేక్‌హ్యాండ్ ఇవ్వడం. ఇంగ్లీషు వాళ్ళకి ఇది ఎంత కష్టమో వాళ్ళ మొహాల్లోనే కనపడుతుంది, కొంతమంది చేయి ఇచ్చి కళ్ళు నేల మీద పెడతారు. ఇక్కడో సంగతి, నాకు తర్వాత తెలిసింది. 1662 నాటి వాళ్ళ పాత ప్రార్థన పుస్తకంలో ఈ షేక్‌హ్యాండ్ ముచ్చటే లేదు. 1947లో దక్షిణ భారతంలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్‌ఐ అయ్యాక 1950లో ఒక కొత్త ఆరాధన క్రమం రాసుకున్నారు, కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకుని ఈ శాంతి ఇచ్చిపుచ్చుకోవడం అందులో పెట్టారు. పశ్చిమ దేశాల చర్చిలు ఆ తర్వాతే ఒకటొకటిగా దీన్ని అందుకున్నాయి. కాబట్టి ఆ రెండు నిమిషాలు మీకు ఇంట్లో ఉన్నట్టు, వాళ్ళకి ఇంకెక్కడో ఉన్నట్టు అనిపిస్తే అందులో ఆశ్చర్యమేం లేదు, మనవైపు సరుకే అది. షేక్‌హ్యాండ్ ఇష్టం లేకపోతే నమస్తే పెట్టండి, ఈ మధ్య చాలామంది తల ఊపి ఊరుకుంటున్నారు.

కానుక సంచి వస్తుంది, కొన్ని చోట్ల పళ్ళెం, ఇప్పుడు చాలా చోట్ల గుమ్మం దగ్గర కార్డ్ మెషీన్. ఏమీ వేయకుండా పక్కకి అందిస్తే ఎవరూ చూడరు, నిజంగా చూడరు. ఒక చిన్న కవరు కూడా పెడతారు, గిఫ్ట్ ఎయిడ్ అని. మీరు ఇక్కడ టాక్స్ కట్టేవాళ్ళయితే దానిమీద పేరూ అడ్రసూ రాసి సంతకం పెట్టండి, మీరు వేసిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం పావలా కలుపుతుంది, అంటే 25 పెన్నీలు. మీ జేబులోంచి అదనంగా పైసా పోదు.

ఇంక అసలైన టెన్షన్, సంస్కారం. ఇది కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే మొదటి వారం నేను ఈ భయంతోనే బాత్రూం వంకతో బయటికెళ్ళి నిలబడ్డా. ఎవరు తీసుకోవచ్చు? బాప్తిస్మం తీసుకుని మీ సొంత చర్చిలో బల్లలో చేయి వేసేవాళ్ళయితే, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) నమ్మే ఏ చర్చివాళ్ళయినా తీసుకోవచ్చు, బాప్టిస్టైనా లూథరనైనా మెథడిస్టైనా. రుజువు ఎవరూ అడగరు. తీసుకోవడం ఇష్టం లేనివాళ్ళు, క్రైస్తవులు కానివాళ్ళు రెండు పనులు చెయ్యొచ్చు, సీట్లోనే కూర్చోవచ్చు, లేదా అందరితో పాటు ముందుకెళ్ళి రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే ప్రీస్ట్ తలమీద చెయ్యిపెట్టి దీవిస్తారు. తీసుకునేవాళ్ళు బలిపీఠం ముందుండే కటకటాల దగ్గర మోకరించి, ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి చాపితే పల్చటి తెల్ల అప్పం ముక్క పెడతారు, రొట్టె అనడానికి మనసు రాదు, కాగితంలా నాలిక్కి అతుక్కుంటుంది. గోధుమ పడనివాళ్ళకి వేరే ఉంటుంది, అడగాలి. తర్వాత గిన్నె. మా చర్చిలో అయితే చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం ఎవరిది వాళ్ళకి. ఇక్కడ అందరికీ ఒకటే వెండి గిన్నె, ఒకరు తాగగానే తెల్ల గుడ్డతో అంచు తుడిచి కాస్త తిప్పి పక్కవాళ్ళకి ఇస్తారు. పైగా అది ద్రాక్షరసం కాదు, వైన్, నిజం వైన్, పొద్దున పదీ నలభైకి! ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్ళు అప్పం మాత్రం తీసుకుని లేచి వచ్చేయొచ్చు, అది సగం సంస్కారం ఏమీ కాదు, పూర్తిగా తీసుకున్నట్టే లెక్క. నేను మొదటిసారి అలాగే చేశా. రెండోసారి తాగా. గొంతు మండింది, దగ్గొచ్చింది, పక్కనున్న పెద్దాయన వీపు తట్టాడు. అమ్మకి ఈ ముక్క చెప్పలేదు.

పాటల సంగతి కూడా ఒక మాట. గోడమీద చెక్క బోర్డులో నెంబర్లు ఉంటాయి, ఆ వరసలో పాడతారు. ఆర్గన్ ముందు కొంచెం వాయిస్తుంది, అప్పుడే లేవాలి, పాట మొదలయ్యాక కాదు. మొదటి వారం మూడో పాట వచ్చేసరికి ట్యూన్ తెలిసిందే, చిన్నప్పటి నుంచి తెలుగులో పాడుకున్నది. నోట్లో తెలుగు మాటలే వచ్చాయి, నెమ్మదిగా అవే పాడేశా. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్ళీ చెప్తున్నా, ఎవరూ చూడరు ఇక్కడ.

ఒక ఆదివారం పసిపాపకి బాప్తిస్మం కూడా చూశా. గుమ్మం దగ్గర రాతి తొట్టి ఉంటుంది, ప్రీస్ట్ పాప తలమీద మూడుసార్లు నీళ్ళు పోసింది, నుదుటిమీద సిలువ గుర్తు వేసింది, చివర్లో వెలిగించిన కొవ్వొత్తి ఒకటి వాళ్ళకి ఇచ్చారు. అయిపోయింది. గుండ్లకమ్మలో నిలువునా ముంచి తీసిన వంశం మాది, 1878 జూలై 3న ఒక్కరోజే రెండువేల రెండొందల ఇరవై రెండు మందికి ఆ ఏట్లో బాప్తిస్మం ఇచ్చారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగా, నాకు ఆ అరచేతి నీళ్ళు చూస్తే ఏదోలా ఉంది. కానీ పాప ఏడవలేదు, తొట్టిలో వేలు పెట్టి ఆడుకుంది.

సర్వీస్ అయ్యాక కాఫీ. వెనక టేబుల్ మీద లేత ఆకుపచ్చ కప్పులు, ఇంగ్లాండులో ఏ చర్చికెళ్ళినా ఈ కప్పులే ఉంటాయేమో అని నా అనుమానం, ఇన్‌స్టంట్ కాఫీ, పల్చటి టీ, బిస్కెట్లు. ఫ్రీ. కాఫీకి మార్కులేమీ వేయను, ఏం వేసినా అబద్ధమే అవుతుంది. నాకు చేదు అనుభవం అయింది ఇక్కడే. రెండు వారాలు నేను కప్పు పట్టుకుని స్తంభం పక్కన నిలబడితే ఒక్కరు పలకరించలేదు, వాళ్ళలో వాళ్ళు కబుర్లు. మైకులో పేరు పిలవకపోతే బాగుండు అనుకునేదాన్ని కదా, పిలిస్తే బాగుండు అనిపించింది నిజం చెప్తున్నా. మూడోవారం ఒకాయన వచ్చాడు, చాలా మర్యాదగా, ఎక్కడినుంచి అన్నాడు, ఇండియా అన్నా, "ఓ, మరి మీరు ఎప్పుడు క్రైస్తవులయ్యారు" అన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. మా తాతగారి తాతగారు అయ్యారండీ, మీరెప్పుడు అన్నా. ఆయన నవ్వాడు, నేనూ నవ్వా, ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. అదిగో అందుకే ఆ చర్చి పేరు చెప్పను అన్నది, ఎందుకంటే నేను ఇంకా అక్కడికే వెళ్తున్నా.

ఆ వారమే మా ఫ్లాట్‌మేట్ నన్ను యార్క్ మిన్‌స్టర్‌లో ఈవెన్‌సాంగ్‌కి, అంటే సాయంత్రం పాటలతో జరిగే ప్రార్థనకి, లాక్కెళ్ళింది. నన్ను ఆమె లాక్కెళ్ళడం ఏంటంటే, ఆమె గుంటూరు హిందూ అమ్మాయి, మిన్‌స్టర్ లోపల చూడాలని ఉంది, టికెట్ రేటు చూసి గుండె ఆగింది, సర్వీస్‌కి వెళ్ళేవాళ్ళకి టికెట్ లేదని ఎవరో చెప్పారంట. నిజమే. చూడ్డానికి వెళ్తే డబ్బులు, ప్రార్థనకి వెళ్తే ఫ్రీ, ఎవరికైనా సరే. కానీ సర్వీస్‌కి అని వెళ్ళి ఫోటోలు తీస్తూ తిరగడం కుదరదు. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడతారు, అయ్యాక మర్యాదగా బయటికి పంపిస్తారు.

అది మటుకు నా లెక్కలో అయిదుకి అయిదు. కొత్తవాళ్ళు ఆంగ్లికన్ సర్వీస్ ఎలా ఉంటుందో చూడాలంటే ఆదివారం పొద్దున కాదు, ముందు ఏదో ఒక కెథీడ్రల్‌లో సాయంత్రం ఈవెన్‌సాంగ్‌కి వెళ్ళండి. ఎందుకంటే మీరు అక్కడ చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. సంస్కారం ఉండదు, మామూలు రోజుల్లో వాక్యం కూడా ఉండదు, షేక్‌హ్యాండ్లు ఉండవు, ముప్పావు గంటలో అయిపోతుంది, మీ తరఫున కూడా క్వయర్, అంటే పాటల బృందం, పాడేస్తుంది. లేవాలి, కూర్చోవాలి, వినాలి.

మిన్‌స్టర్ మధ్యలో రాతి తెర దాటి లోపలికెళ్తే క్వయర్ కూర్చునే చోటు, అటూ ఇటూ ఎదురుబొదురుగా చెక్క సీట్లు, వరస మీద వరస. పావుగంట ముందు వెళ్తే ఆ సీట్లలోనే కూర్చోబెడతారు, పాడేవాళ్ళకి నాలుగడుగుల దూరంలో. వెనక కొన్ని సీట్లకి పేర్లు రాసుంటాయి, అవి పెద్దవాళ్ళవి, వాటిలోకి దూరకండి, మా గుంటూరమ్మాయి సరిగ్గా అందులోకే వెళ్ళబోయింది, ఒకాయన నవ్వుతూ పక్క సీటు చూపించాడు. తర్వాత అందరూ లేచారు, వెండి కర్ర పట్టుకుని ఒకరు ముందు నడుస్తుంటే, వాళ్ళని వెర్జర్ అంటారు, వెనక స్కూలు పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, తెల్ల అంగీల్లో జతలు జతలుగా వచ్చి నిలబడ్డారు. పదేళ్ళ పిల్లలు ఆవలించుకుంటూ వచ్చారండీ, స్కూలు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, నోరు తెరవగానే నా ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

దీని వెనక కథ ఏంటంటే, మఠాల్లో సన్యాసులు రోజుకి ఇన్నిసార్లని ప్రార్థనలు చేసేవాళ్ళు, 1549లో థామస్ క్రాన్మర్ అనే ఆర్చ్‌బిషప్ లాటిన్ తీసేసి ఇంగ్లీషులో ప్రార్థన పుస్తకం తెచ్చినప్పుడు సాయంత్రానివీ పడుకునేముందువీ కలిపి ఒకటి చేశాడు, అదే ఇది. ఆయన్ని 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా కాల్చేశారు, పుస్తకం మాత్రం మిగిలింది, కొన్ని మార్పులతో 1662లో ఖాయమైనదే ఇప్పటికీ ఈవెన్‌సాంగ్‌లో పాడేది. భాష పాతది, మన గ్రాంథికం బైబిల్ లాగా. ఆ సాయంత్రం పాఠానికీ పాఠానికీ మధ్య మరియమ్మ పాట వచ్చింది, "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అని మనం లూకాలో చదివేది, అది రోజూ పాడతారు, ఏ రోజు ఈవెన్‌సాంగ్‌కి వెళ్ళినా ఉంటుంది, సంగీతం మాత్రం మారుతుంది. బలవంతులని సింహాసనాల మీదనుంచి పడదోసి ఆకలిగొన్నవాళ్ళకి కడుపునింపేవాడని పాడుతుంటే అటుపక్క పైన ఆర్చ్‌బిషప్‌గారి సింహాసనం. నాకు కొంచెం నవ్వొచ్చింది.

రెండో పాఠం తర్వాత ముసలి సుమెయోను పాట, తర్వాత విశ్వాస ప్రమాణం. ఇక్కడ జాగ్రత్త, ఎదురుబొదురుగా కూర్చున్న అందరూ ఒక్కసారిగా తూర్పుకి, అంటే ఆల్టర్ (బలిపీఠం) వైపుకి తిరుగుతారు, మనం తిరగకపోతే పక్కవాళ్ళ చెవిని చూస్తూ నిలబడాల్సొస్తుంది. తర్వాత చిన్న ప్రార్థనలు మూడు, మూడోది మా చీకటికి వెలుగివ్వు, ఈ రాత్రి ఆపదల నుంచి కాపాడు అని. బయట శీతాకాలం నాలుగింటికే చీకటి పడే దేశంలో ఆ ప్రార్థన విన్నప్పుడు మామూలుగా ఉండదు. గుంటూరమ్మాయి చెవిలో అంది, "ఏకాంత సేవలా ఉందే" అని. దేవుణ్ణి పడుకోబెట్టడం కాదు, మనల్ని పడుకోబెట్టడం అన్నా. ఆంథెమ్, అంటే క్వయర్ విడిగా పాడే పాట, అయ్యాక చప్పట్లు కొట్టబోయింది, చెయ్యి పట్టుకున్నా. చప్పట్లు కొట్టకండి దయచేసి, కచేరీలా ఉంటుంది కానీ కచేరీ కాదు, పాట అయిపోయాక ఎవరూ కదలరు, ఆ నిశ్శబ్దం కూడా అందులో భాగమే.

అన్నట్టు ఈ క్వయర్ సీట్ల చెక్కపని పాతదిలా కనపడుతుంది గానీ 1829 తర్వాత మళ్ళీ చేసింది. జోనాథన్ మార్టిన్ అని ఒకాయన ఆ ఏడాది ఫిబ్రవరిలో ఈవెన్‌సాంగ్‌కి వచ్చి, ఆర్గన్ గుయ్యిమని మోగుతుంటే మనసు చెడిపోయి, సర్వీస్ అయ్యాక లోపలే దాక్కుని, రాత్రి నిప్పు పెట్టేశాడు. సర్వీస్‌కి వచ్చినవాళ్ళు అయిపోగానే బయటికి వెళ్ళేదాకా ఆ కూర్చోబెట్టే స్టువర్డులు గుమ్మం దగ్గర ఎందుకు నిలబడతారో అని నేను అనుకుంటుంటే ఈ కథ చదివా. ఇప్పటి ఆర్గన్ మాత్రం అద్భుతం, సర్వీస్ అయ్యాక ఒక పెద్ద పీస్ వాయిస్తారు, వెంటనే లేచిపోకండి.

మైనస్‌లు లేకపోలేదు. బుక్‌లెట్ ఉన్నా పాడే మాటలు సగం అర్థం కావు, అంత ఎత్తు కప్పు కింద మాటలు కలిసిపోతాయి. ఎవరూ మీతో ఒక్క ముక్క మాట్లాడరు, పారిష్ చర్చిలో ఆ ఆకుపచ్చ కప్పన్నా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. స్కూలు సెలవుల్లో క్వయర్ ఉండదు, బయటి ఊళ్ళ క్వయర్లు వస్తాయి, కొన్ని రోజులైతే పాటే లేకుండా ఊరికే చదువుతారు, కాబట్టి వెబ్‌సైట్‌లో కోరల్ ఈవెన్‌సాంగ్ అని ఉందో లేదో చూసుకుని వెళ్ళండి, టైం కూడా అక్కడే చూడండి, ఆదివారం వేరే టైం ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్తే చివర సీటు తీసుకోండి.

ఇంకోటి, ఆంగ్లికన్ అని బోర్డు ఉన్నంత మాత్రాన అన్నీ ఇలాగే ఉంటాయనుకోవద్దు. ఊళ్ళో ఇంకోవైపు ఇంకొకటి ఉంది, అక్కడ డ్రమ్సు, గిటారు, స్క్రీన్ మీద పాటలు, ప్రీస్ట్ జీన్స్ ప్యాంటు, వాక్యం అరగంట పైనే, అది మన హైదరాబాద్ చర్చిలకి దగ్గర. ఇంకోచోట సాంబ్రాణి పొగ, గంటలు, జరీ పని అంగీలు, కళ్ళు మూసుకుంటే రోమన్ కేథలిక్ అనుకుంటారు. మూడూ ఒకే చర్చి ఆఫ్ ఇంగ్లాండే, ముగ్గురికీ బిషప్ ఒకరే. ఎనిమిదింటికి జరిగే పొద్దుటి సర్వీస్ ఇంకో రకం, పాత పుస్తకం, పాటల్లేవు, ఏడెనిమిది మంది ముసలివాళ్ళు, ముప్పావుగంటలోపే ఇంటికి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చేవాళ్ళకి అదే బెస్ట్, మా నర్సు ఫ్రెండ్ ఒకామె యూనిఫాం మీద కోటు వేసుకుని వెళ్తుంది.

పారిష్ చర్చికి మూడున్నర స్టార్లు ఇస్తా. ముందు మూడే అనుకున్నా, కానీ అయిదో వారం గుమ్మం దగ్గర ఆ పెద్దావిడ కాగితాల కట్ట ఇస్తూ నా పేరు పెట్టి పిలిచింది, తప్పుగానే పిలిచింది అనుకోండి, నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, గిఫ్ట్ ఎయిడ్ కవరు మీద చూసి గుర్తుపెట్టుకుందంట. దానికి అర స్టారు.

మిన్‌స్టర్‌కి వెళ్ళేవాళ్ళకి చివరిగా ఒక మాట. పాత పుస్తకంలో నూట యాభై కీర్తనలనీ నెలలో ముప్పై రోజులకి పొద్దునా సాయంత్రం పంచి పెట్టారు, ఆ లెక్క తు.చ. తప్పకుండా పాటించే కెథీడ్రల్‌కి గనక మీరు పదిహేనో తారీఖు సాయంత్రం వెళ్తే ఆ రోజు వాటా 78వ కీర్తన, డెబ్బై మూడు వచనాలు, మొత్తం పాడతారు. మెత్త ఉన్న సీటు చూసి కూర్చోండి.